విదేశీ చదువు మధ్యలో వదిలేసే ముందు

వెనక్కి వెళ్లిపోదామని నిర్ణయించుకున్న విద్యార్థి చాలాసార్లు మొదట చేసే పని టికెట్ బుక్ చేసుకోవడం. తర్వాత ఇంట్లో చెప్తారు. యూనివర్సిటీకి చెప్పడం అన్నిటికంటే ఆఖరు. కొందరు విమానం దిగాక ఒక ఈమెయిల్ పెట్టి ఊరుకుంటారు, కొందరు అదీ పెట్టరు. చదువు ఆపడం వల్ల జరిగే నష్టం కంటే ఈ వరుస తప్పడం వల్ల జరిగే నష్టమే చాలామంది విషయంలో పెద్దది. మానేయడం నేరం కాదు. కారణం చెప్పి, అనుమతి తీసుకుని, సరైన తేదీ చూసుకుని బయటికి వచ్చినవాళ్లు తర్వాత అదే దేశానికి, ఒక్కోసారి అదే యూనివర్సిటీకి తిరిగి వెళ్లగలరు. చెప్పాపెట్టకుండా వచ్చేసినవాళ్లకు ఆ దారి బాగా ఇరుకైపోతుంది.

అమెరికా నిబంధన చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. అక్కడి యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని డీఎస్‌వో అంటారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్న విద్యార్థి ముందుగా డీఎస్‌వోను కలిసి, అనుమతి తీసుకుని క్లాసుల నుంచి విత్‌డ్రా అయితే, దేశం వదిలి వెళ్లడానికి 15 రోజుల గడువు ఇస్తారు. సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో ఆ రికార్డు అనుమతితో వెళ్లినట్టుగా ముగుస్తుంది. అదే విద్యార్థి ఎవరికీ చెప్పకుండా కోర్సులు డ్రాప్ చేసినా, క్లాసులకు వెళ్లడం మానేసినా, స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా, పోగొట్టుకున్నట్టు లెక్క. అప్పుడు ఒక్క రోజు గడువు కూడా ఉండదు. ఇద్దరి కారణమూ ఒకటే కావచ్చు, ఇద్దరూ ఒకే రోజు ఒకే విమానం ఎక్కి ఉండొచ్చు. రికార్డులో మాత్రం ఒకరు చెప్పి వెళ్లినవారు, ఇంకొకరు నిబంధన తప్పినవారు. మళ్లీ వీసా ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు అధికారి చూసేది ఆ రికార్డునే.

అక్కడ ఇంకో లెక్క ఐదు నెలలది. విత్‌డ్రా అయిన విద్యార్థి ఐదు నెలల లోపే చదువుకు తిరిగి వచ్చేట్టయితే, డీఎస్‌వో ద్వారా పాత సెవిస్ రికార్డునే తిరిగి తెరిపించుకునే వీలుంటుంది. ఐదు నెలలు దాటితే వీసాకు ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం కొత్తది తీసుకోవాలి, సెవిస్ ఫీజు మళ్లీ కట్టాలి. ఓపీటీ లాంటి పని అనుమతులకు ముందు ఒక పూర్తి విద్యాసంవత్సరం చదివి ఉండాలన్న షరతు ఉంది కదా, ఆ లెక్క కూడా సాధారణంగా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే ఒక సెమిస్టర్ గ్యాప్ తీసుకోవాలనుకునే విద్యార్థి ఏ తేదీన బయలుదేరుతున్నారు, ఏ తేదీన క్లాసులు మళ్లీ మొదలవుతాయి అన్నది క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కవేసుకోవాలి. రెండు వారాల తేడాతో ఈ గీత దాటిపోవచ్చు.

మిగతా దేశాల్లో పద్ధతి వేరైనా సూత్రం ఇదే. బ్రిటన్‌లో విద్యార్థి కోర్సు మానేసిన సంగతిని యూనివర్సిటీ 10 పని దినాల్లోగా ఇమిగ్రేషన్ శాఖకు తెలపాలి. తర్వాత వీసా కాలాన్ని కుదించి, సాధారణంగా 60 రోజుల గడువుతో లెటర్ పంపిస్తారు. ఆ లెటర్ విద్యార్థి ఇచ్చిన ఈమెయిల్‌కో చిరునామాకో వెళ్తుంది కాబట్టి అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం చిన్న విషయం కాదు. జర్మనీలో ఆ బాధ్యత విద్యార్థి మీద కూడా ఉంటుంది: చదువు గడువుకు ముందే ఆగిపోతే రెండు వారాల్లోగా విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి. ఆస్ట్రేలియాలో మానేయడం కాకుండా కాలేజీ మారాలనుకున్నా, ప్రధాన కోర్సులో మొదటి ఆరు నెలలు పూర్తికాకముందు మారాలంటే ఇప్పుడున్న సంస్థ ఒప్పుకుని విడుదల చేయాలి. కెనడాలో 2024 నవంబర్ 8 నుంచి, ఒక కాలేజీలో చేరి ఇంకో కాలేజీకి మారాలంటే కొత్త స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవాల్సి వస్తోంది. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. కాబట్టి ఫ్రెండ్ రెండేళ్ల క్రితం ఏం చేశారన్నది ప్రమాణం కాదు. ఈ వారం యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్ ఏం చెప్తోందన్నదే ప్రమాణం.

ఇక్కడ చాలామందికి ఒక భయం ఉంటుంది. ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి వెళ్లి "మానేద్దామనుకుంటున్నాను" అంటే ఆ క్షణమే వీసా రద్దు చేసేస్తారేమో అని. సలహా అడిగినంత మాత్రాన అలా జరగదు. ఫారం నింపి సంతకం పెట్టి విత్‌డ్రా అవ్వడం వేరు, ఏ దారులున్నాయో అడగడం వేరు. "నేను ఇంకా నిర్ణయం తీసుకోలేదు, నా ముందున్న దారులేంటో తెలుసుకోవాలని వచ్చాను" అని మొదటే చెప్తే సరిపోతుంది. మాటల్లో చెప్పింది తర్వాత ఈమెయిల్‌లో కూడా రాసి పంపమని అడగడం ఇంకా మంచిది.

ఆ సంభాషణలోనే చాలామందికి తెలియని సంగతి ఒకటి బయటపడుతుంది. ఉండటం, మానేయడం అనే రెంటి మధ్యలో చాలా దారులుంటాయి. అమెరికాలో ఆరోగ్యం బాగోలేకపోతే డాక్టర్ లేదా లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్ట్ ఇచ్చిన లెటర్‌తో కోర్సుల భారం తగ్గించుకోవచ్చు. అవసరమైతే ఆ సెమిస్టర్‌లో ఏ కోర్సూ తీసుకోకుండా ఉండొచ్చు కూడా. ఒక డిగ్రీ స్థాయిలో ఇలా మొత్తం 12 నెలల వరకు అనుమతిస్తారు. అంటే డిప్రెషన్‌తోనో, సర్జరీ వల్లో క్లాసులకు వెళ్లలేకపోతున్న విద్యార్థి దేశం వదలకుండా, స్టేటస్ పోకుండా చికిత్స తీసుకునే అవకాశం ఉంది. భాష అర్థం కాక, పాఠం చెప్పే తీరు కొత్తగా ఉండి, తప్పు స్థాయి కోర్సులో చేరి ఇబ్బంది పడుతున్నవాళ్లకు ఒక డిగ్రీ స్థాయిలో ఒకసారి, కనీసం సగం భారం ఉంచుకునే షరతు మీద, కోర్సులు తగ్గించుకునే వీలుంది. కెనడాలో కాలేజీ అనుమతితో 150 రోజుల వరకు సెలవు తీసుకున్నా చదువు కొనసాగిస్తున్నట్టే లెక్క. ఆస్ట్రేలియాలో తీవ్రమైన అనారోగ్యం, దగ్గరివాళ్ల మరణం లాంటి బలమైన కారణాలుంటే చదువును తాత్కాలికంగా ఆపుకోవచ్చు. చాలా యూనివర్సిటీల్లో లీవ్ ఆఫ్ యాబ్సెన్స్ ఉంటుంది, ఇంకా బయలుదేరనివాళ్లకు అడ్మిషన్‌ను తర్వాతి ఇన్‌టేక్‌కు వాయిదా వేసే అవకాశమూ ఉంటుంది. సమస్య దేశంతో కాక ఆ యూనివర్సిటీతోనే అయితే ట్రాన్స్‌ఫర్ ఉంది. అయితే ట్రాన్స్‌ఫర్ కావాలనుకుంటే రికార్డు ఇంకా బతికి ఉండగానే అడగాలి. ముందు విత్‌డ్రా అయిపోయి, తర్వాత ట్రాన్స్‌ఫర్ గురించి ఆలోచించేవాళ్లు సులువైన పనిని కష్టం చేసుకుంటారు.

ఈ దారుల్లో ఏది సరిపోతుందన్నది అసలు కారణం మీద ఆధారపడుతుంది. ఆ కారణం తేల్చుకోవడమే అన్నిటికంటే కష్టమైన పని. నోటితో చెప్పే కారణం ఒకటి, లోపలున్నది ఇంకొకటి కావడం మామూలే. "కోర్సు బాగోలేదు" అనే మాట వెనక రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. "ఆరోగ్యం బాగోలేదు" అనే మాట వెనక రెండు సబ్జెక్టుల్లో ఫెయిలవుతానన్న భయం ఉండొచ్చు. "ఇక్కడ నచ్చలేదు" అన్నదాని వెనక ఒక రూమ్మేట్‌తో పడకపోవడమే ఉండొచ్చు. తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ ఒక్క విషయం రేపు పొద్దున్నకల్లా సర్దుకుపోతే ఇక్కడే ఉంటానా? ఉంటాననిపిస్తే, మానేయాల్సింది చదువును కాదు. గది మారాలి, గైడ్‌ను మార్చమని అడగాలి, ఒక కోర్సు డ్రాప్ చేయాలి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. ఆ విషయం సర్దుకున్నా ఉండాలనిపించడం లేదంటే, అప్పుడు మానేయడం గురించి ఆలోచించడం సబబే.

కొత్త దేశంలో మొదటి నెలల బెంగ గురించి అందరూ ఒక సలహా ఇస్తారు: మొదట్లో అంతా బాగుంటుంది, తర్వాత దిగజారుతుంది, ఓపిక పడితే మళ్లీ పైకి లేస్తుంది అని. ఈ మాటకు మూలం 1955లో స్వెర్రె లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు ప్రచురించిన అధ్యయనం. అమెరికా వెళ్లివచ్చిన 200 మంది నార్వే ఫుల్‌బ్రైట్ స్కాలర్లను ఆయన అడిగి చూస్తే, ఆరు నుంచి 18 నెలలు ఉన్నవాళ్లు సర్దుకుపోవడంలో అందరికంటే వెనకబడి కనిపించారు. దాన్నే యు ఆకారపు గీతగా చెప్పుకుంటూ వచ్చారు. కల్చర్ షాక్ అనే మాటకు ప్రచారం తెచ్చిన మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ కూడా దాదాపు అదే కాలంలో, మొదటి దశను హనీమూన్‌తో పోల్చారు. కానీ 1998లో కొలీన్ వార్డ్, ఆమె సహచరులు న్యూజిలాండ్ వచ్చిన జపాన్ విద్యార్థులను దిగిన మొదటి రోజు నుంచి ఏడాది పొడవునా గమనిస్తే కనిపించింది వేరు. వాళ్లకు ఇబ్బంది అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది దిగిన వెంటనే. అక్కడి నుంచి అది తగ్గుతూ వచ్చింది.

ఈ తేడా ఇక్కడ పనికొస్తుంది. మొదటి వారాల్లో ఏడుపు ఆగకపోతే "అందరికీ మొదట సంతోషంగా ఉంటుందట, నాకే ఇలా ఉంది, నేను దీనికి పనికిరాను" అనుకోవాల్సిన పనిలేదు. మొదటి రోజులే కష్టంగా ఉండటం చాలామందికి జరిగేదే. కాబట్టి మూడో వారంలో కలిగిన ఆలోచనతో మూడో వారంలోనే నిర్ణయం తీసుకోవడం తొందరపాటు కావచ్చు. అయితే ఓపిక పట్టమనే సలహా కూడా సగమే నిజం. బెంగ అయితే రోజులు గడిచేకొద్దీ కొంచెమైనా పలచబడుతుంది: ఒకరిద్దరు పరిచయమవుతారు, బస్సు దారులు తెలుస్తాయి, పాఠం అర్థమవడం మొదలవుతుంది. వారాలు గడిచేకొద్దీ అది పెరుగుతూనే ఉంటే, తిండి, నిద్ర, స్నానం లాంటి రోజువారీ పనులు కూడా ఆగిపోతుంటే, చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అది ఓపికతో తీరేది కాదు. అక్కడ కావాల్సింది వైద్యం, అదీ ఆ రోజే. చదువు గురించిన నిర్ణయం తర్వాత తీసుకోవచ్చు.

ప్రమాదం విషయంలో కూడా ఇదే. వేధింపులు, హింస, బెదిరింపులు ఎదురైతే ముందు అక్కడి నుంచి బయటపడాలి. ఈ వ్యాసంలో వరుస గురించి చెప్పిందంతా ప్రాణానికి ముప్పు లేనప్పటి సంగతి. అలాంటి పరిస్థితిలో కూడా భద్రంగా ఉన్న చోటికి చేరాక యూనివర్సిటీకి రెండు వాక్యాలు రాసి పెట్టడం మేలు: ఏం జరిగింది, ఎప్పుడు బయలుదేరాల్సి వచ్చింది. ఆ ఈమెయిల్ మీది తేదీ తర్వాత సాక్ష్యంగా నిలుస్తుంది.

ఇక డబ్బు. ఇక్కడ రెండు లెక్కలను కలిపేస్తుంటారు. ఇప్పటికే ఖర్చయిపోయింది ఎంత అన్నది ఒకటి, ఇక మీదట ఎంత ఖర్చవుతుంది, ఎంత వెనక్కి వస్తుంది అన్నది ఇంకొకటి. నిర్ణయానికి పనికొచ్చేది రెండోది మాత్రమే. కానీ మనసు మొదటిదాన్నే పట్టుకుని వేలాడుతుంది. 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నాటకాల సీజన్ టికెట్లతో చేసిన ప్రయోగం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. టికెట్‌ను పూర్తి ధరకు, అంటే 15 డాలర్లకు కొన్నవాళ్లు, డిస్కౌంట్‌లో దొరికినవాళ్ల కంటే సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అందరికీ అవే. డబ్బు ఎక్కువ పోసినందుకు వెళ్లారంతే. "ఇంత పెట్టాం కదా, ఎలాగైనా పూర్తి చేయాలి" అనే మాట ఇంట్లోవాళ్లు అన్నా, విద్యార్థి తనకు తాను చెప్పుకున్నా, వచ్చేది ఇక్కడి నుంచే. పోయిన ఫీజు ఉన్నా తిరిగి రాదు, వచ్చేసినా తిరిగి రాదు. ఇంకా కట్టని మూడు సెమిస్టర్ల ఫీజు మాత్రం చేతిలోనే ఉంది.

తిరిగి వచ్చే డబ్బు విషయంలో తేదీయే అంతా. చాలా యూనివర్సిటీలు, ప్రోగ్రామ్ సంస్థలు రీఫండ్‌ను మెట్లమెట్లుగా తగ్గిస్తాయి: క్లాసులు మొదలవకముందు ఒక శాతం, మొదటి వారంలో ఇంకొంత తక్కువ, ఒక తేదీ దాటాక సున్నా. అడ్మిషన్ డిపాజిట్ చాలాచోట్ల అసలు తిరిగి ఇవ్వరు. అందుకే బయలుదేరకముందే సందేహం ఉన్నవాళ్లు "అక్కడికి వెళ్లి చూద్దాం, నచ్చకపోతే వచ్చేద్దాం" అనుకోవడం ఖరీదైన ఆలోచన. ఆ సందేహం తీర్చుకోవడానికి అన్నిటికంటే చవకైన సమయం ఫీజు కట్టకముందే. ఇప్పటికే వెళ్లినవాళ్లు రీఫండ్ పట్టికలో తర్వాతి మెట్టు ఏ తేదీన ఉందో చూసుకోవాలి. అయితే అది నిర్ణయాన్ని తొందరపెట్టడానికి కాదు. సోమవారం సంతకం పెడితే సగం వెనక్కి వచ్చేది, బుధవారం పెడితే ఏమీ రాదని తెలియక నష్టపోకుండా ఉండటానికి.

స్కాలర్‌షిప్‌కు, ప్రభుత్వ సాయానికి వేరే లెక్కలుంటాయి. అమెరికా ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థి ఆ టర్మ్‌లో 60 శాతం పూర్తికాకముందే విత్‌డ్రా అయితే, చదవని రోజుల వాటాను వెనక్కి ఇవ్వాల్సి ఉంటుంది. 60 శాతం దాటాక ఆ సాయమంతా విద్యార్థి సంపాదించుకున్నట్టే. యూరప్‌లో ఎరాస్మస్ ప్లస్ అనే విద్యార్థి మార్పిడి పథకం కింద సెమిస్టర్ చదువు లాంటి దీర్ఘకాల చదువుకు వెళ్లినవాళ్లు కనీసం రెండు నెలలు అక్కడ ఉండాలి. అంతకంటే ముందే వచ్చేస్తే గ్రాంట్ తిరిగి కట్టమనవచ్చు. చేతుల్లో లేని కారణం, అంటే తీవ్ర అనారోగ్యమో కుటుంబంలో ఆపదో అయితే మినహాయింపు ఉంటుంది. కానీ అది అడిగితేనే వస్తుంది, కాగితాలు చూపిస్తేనే వస్తుంది. బ్రిటన్ వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జ్ ముందుగా వెళ్లిపోయినంత మాత్రాన తిరిగి రాదు.

బ్యాంకు లోన్ ఉన్నవాళ్లు రెండు ప్రశ్నలు అడగాలి. చదువు ఆగిపోయిన రోజు నుంచి వాయిదాలు ఎప్పుడు మొదలవుతాయి? ఇంకా విడుదల కాని మొత్తాన్ని ఆపించుకోవచ్చా? కోర్సు పూర్తయ్యాక మొదలవ్వాల్సిన వాయిదాలు, కోర్సే ఆగిపోతే ముందుకు జరుగుతాయి. అమెరికా ఫెడరల్ లోన్లలో చాలావాటికి విద్యార్థి కోర్సుల భారం సగం కంటే తక్కువకు దిగిన రోజు నుంచే ఆరు నెలల వ్యవధి లెక్క మొదలవుతుంది. ఉద్యోగం వచ్చే దాకా ఆగుతారన్న ఊహతో ఉంటే ఆ ఆరు నెలలు తెలియకుండానే గడిచిపోతాయి.

ఇన్సూరెన్స్ విషయానికొస్తే, మామూలు ట్రిప్ క్యాన్సిలేషన్ పాలసీ "మనసు మారింది" అన్న కారణానికి డబ్బు ఇవ్వదు. ఏ కారణానికైనా వర్తించే పాలసీలు విడిగా ఉంటాయి. సాధారణంగా అవి మొదటి చెల్లింపు చేసిన రెండు మూడు వారాల్లోగా కొనాలి, అవి కూడా మొత్తంలో సగం నుంచి ముప్పాతిక వరకే ఇస్తాయి. అద్దె అగ్రిమెంట్ ఇంకో చిక్కు. చదువు మానేసినా ఇంటి అగ్రిమెంట్ తనంతట తాను రద్దు కాదు. తన బదులు ఇంకొకరిని పెట్టే వీలుందేమో చూడాలి. లేకపోతే ఖాళీ గదికి నెలల తరబడి అద్దె కట్టాల్సి వస్తుంది.

మార్కుల జాబితా గురించి కూడా ముందే ఆలోచించాలి. చాలా యూనివర్సిటీల్లో గడువులోగా విత్‌డ్రా అయితే ఆ కోర్సు ఎదురుగా విత్‌డ్రా అయినట్టు మాత్రమే పడుతుంది, సగటు మీద ప్రభావం ఉండదు. గడువు దాటాక, లేదా చెప్పకుండా పరీక్షకు వెళ్లకపోతే ఫెయిల్ పడుతుంది, జీపీఏ కుప్పకూలుతుంది. సెమిస్టర్ ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా మానేసేవాళ్లు ఒక లెక్క వేసుకోవడం అవసరం: ఈ మూడు వారాలు భరించగలిగితే ఈ క్రెడిట్లు చేతికొస్తాయి, వాటిని ఇంకో యూనివర్సిటీలో చూపించుకోవచ్చు. భరించలేకపోతే కనీసం ఇన్‌కంప్లీట్ గ్రేడ్, అంటే మిగిలిన పని తర్వాత పూర్తిచేసే వీలు, దొరుకుతుందేమో, పరీక్షను దూరం నుంచి రాసే వీలుందేమో ప్రొఫెసర్‌ను అడగొచ్చు. అడగకపోతే ఇచ్చే వీలు వాళ్లకూ ఉండదు. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ మీద వెళ్లినవాళ్లయితే సొంత యూనివర్సిటీలో ఆ సెమిస్టర్‌కు తిరిగి చేర్చుకుంటారా లేక తర్వాతి ఏడాది దాకా ఆగాలా అన్నది కూడా తేల్చుకోవాలి. అక్కడ సీటు లేక ఇక్కడ క్లాసు లేక ఆరు నెలలు పోయే ప్రమాదం ఉంటుంది.

ఇంట్లో చెప్పడం వాయిదా వేసేవాళ్లు చాలామంది. అప్పు చేసి పంపించారు, నలుగురికీ చెప్పుకున్నారు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అనే బాధ నిజమైనది, దాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ ఇంట్లో తెలియకుండా క్లాసులు మానేసి, ఆ దేశంలోనే గదిలో ఉండిపోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన స్థితి. స్టేటస్ పోతుంది, ఫీజు గడువులు దాటిపోతాయి, ఫెయిల్ గ్రేడ్లు పడతాయి, పైగా మనిషి ఒంటరి అయిపోతారు. నిర్ణయం పూర్తయ్యాక చెప్పడం కంటే సందేహం ఉన్నప్పుడే చెప్పడం తేలిక. "నేను మానేస్తున్నాను" అంటే గొడవ మొదలవుతుంది. "నాకు ఇక్కడ ఇలా ఉంది, ఇంటర్నేషనల్ ఆఫీస్‌లో ఇలా చెప్పారు, ఏం చేయాలో కలిసి ఆలోచిద్దాం" అంటే మాట ముందుకు సాగుతుంది. తల్లిదండ్రుల వైపు నుంచి కూడా మొదటి ప్రశ్న డబ్బు గురించి కాకుండా "నువ్వు తింటున్నావా, నిద్రపోతున్నావా" అని ఉంటే, అసలు కారణం అప్పుడే బయటికి వస్తుంది.

అన్నీ ఆలోచించి, మానేయడమే సరైనదని తేలితే బయలుదేరే ముందు వారం పనులతో నిండిపోతుంది. విత్‌డ్రా అనుమతి లెటర్, అప్పటిదాకా వచ్చిన మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్, ఫీజు రసీదులు, కోర్సుల సిలబస్ కాపీలు, వైద్య కారణమైతే డాక్టర్ కాగితాలు తీసి పెట్టుకోవాలి. ఇంకో యూనివర్సిటీ క్రెడిట్లు లెక్కలోకి తీసుకోవాలంటే సిలబస్ అడుగుతుంది, అది తర్వాత దొరకడం కష్టం. యూనివర్సిటీ ఈమెయిల్ అకౌంట్ కొన్నాళ్లకు మూసేస్తారు, కాబట్టి ముఖ్యమైన మెయిళ్లను సొంత అకౌంట్‌కు పంపించుకోవాలి. రీఫండ్ అక్కడి బ్యాంకు ఖాతాకే వస్తుందంటే అది జమయ్యేదాకా ఖాతా మూసేయకూడదు. దేశం దాటిన తేదీకి సాక్ష్యంగా బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టు మీది ముద్ర ఉంటే వాటి ఫొటోలు దాచుకోవాలి. తర్వాత ఏ దేశం వీసా ఫారంలోనైనా గతంలో చదువు మధ్యలో ఆపారా అని అడిగితే దాచకుండా ఉన్నది ఉన్నట్టు రాయాలి. మధ్యలో ఆపిన చదువు గురించి రెండు వాక్యాల్లో వివరణ ఇవ్వొచ్చు, దాన్ని బలపరచడానికి ఈ కాగితాలే ఉంటాయి.